తేడా తెలిసిన ఇరుసు

గంటకి యాభై అయిదు మైళ్ళు దాటగానే మొదలయ్యేది. వెనకాల, డిక్కీ కింద ఎక్కడో, చెవి దగ్గర దోమ తిరుగుతున్నట్టు సన్నటి రాగం. యాక్సిలరేటర్ తొక్కితే పెరిగేది, కాలు తీస్తే శ్రుతి మారేది. అరవై అయిదు దాటాక గాలి హోరులో కలిసిపోయేది. టాప్ దించుకుని నడపడానికే కొనుక్కున్న కారులో గాలి తప్ప ఇంకేం వినపడుతుంది? అలా ఆ చప్పుడుని దాదాపు ఏడాది పాటు వినకుండా గడిపేశాను.

కారు 1990 మాజ్దా మియాటా. రెండు సీట్లు, 1.6 లీటర్ల ఇంజను, పవర్ వెనక చక్రాలకి. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో దీన్ని మొదటిసారి జనానికి చూపించారు. 1960ల ఇంగ్లండులో ఎంజీ, ట్రయంఫ్, లోటస్ కంపెనీలు చేసిన బుల్లి స్పోర్ట్స్ కార్ల మీద ప్రేమతో జపాన్ వాళ్ళు చేసిన కారిది. ఆ ఇంగ్లీషు కార్లు నిలబడ్డ చోటల్లా ఆయిల్ కార్చేవని పేరు. దీనికి ఆ జబ్బు లేదని పేరు. నాది మాత్రం కార్చింది. లక్షా నలభై వేల మైళ్ళు తిరిగి, ఇంచుమించు నా ఈడుకొచ్చిన కారు. పినియన్ సీల్ దగ్గర చెమట పట్టినట్టు ఆయిల్. చూశాను, తుడిచాను, వచ్చే వీకెండ్ చూద్దాంలే అనుకున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఇలా వాయిదా వేసిన పనుల్ని బ్యాక్‌లాగ్ అంటాం. గేర్లలో బ్యాక్‌లాష్ అని ఇంకోటి ఉంటుందని అప్పటికి నాకు తెలీదు.

చప్పుడు చక్రం బేరింగ్‌దా, డిఫరెన్షియల్‌దా అని తేల్చుకోడానికి పాతకాలపు పద్ధతి ఒకటుంది. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్‌ని మెల్లగా ఎడమకీ కుడికీ ఊపాలి. బరువు ఒక చక్రం మీంచి రెండో చక్రం మీదకి వెళ్ళినప్పుడు చప్పుడు మారితే తప్పు బేరింగ్‌ది. స్టీరింగ్‌ని పట్టించుకోకుండా యాక్సిలరేటర్‌కి మాత్రమే మారుతుంటే డిఫరెన్షియల్‌ది. నాది రెండోది. ఒక శనివారం కారుని స్టాండ్ల మీదకి లేపి కింద దూరాను. రావాల్సిన ఆయిల్లో సగం కూడా రాలేదు. డ్రెయిన్ ప్లగ్గుకున్న అయస్కాంతం మీద ఇనప పొడి, వెండి బురదలా పేరుకుని ఉంది. తప్పెవరిదో ఇంక ఆలోచించాల్సిన పని లేకపోయింది.

పుచ్చకాయంత ఆ డబ్బాని విప్పి బాగుచెయ్యడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో చేత్తో పట్టుకున్న ప్రతి ముక్క వెనకాలా ఒక కథ ఉందని, ఆ కథలన్నీ దాదాపు ఒకే కథ అని తెలిసింది. డిఫరెన్షియల్ చరిత్ర అంటే మేధావుల జాబితా కాదు. అంతకుముందు వచ్చిన పరిష్కారం ఎక్కడ చెడిందో అక్కడ వేసిన మాట్ల వరస.

*

ముందు అసలు సమస్య ఏంటో చెప్పుకోవాలి.

ఎడ్లబండికి ఈ గొడవ లేదు. ఇరుసు కదలదు, చక్రాలు దాని మీద వేటికవి తిరుగుతాయి. మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరుగుతుంది, లోపలిది తక్కువ తిరుగుతుంది, ఎవరూ పట్టించుకోరు. రైలుకి ఇంకో ఉపాయం ఉంది. దాని రెండు చక్రాలూ ఇరుసుకి బిగించేసి ఉంటాయి, కలిసే తిరుగుతాయి. కానీ చక్రం అంచు కొద్దిగా ఏటవాలుగా ఉంటుంది. మలుపులో చక్రాల జత కాస్త పక్కకి జరిగి, బయటి చక్రం తన లావుపాటి భాగం మీద, లోపలిది సన్నటి భాగం మీద దొర్లుతాయి. తేడా అక్కడ సర్దుబాటవుతుంది.

గొడవంతా ఒకే ఇంజనుతో రెండు చక్రాల్నీ తిప్పాలనుకున్నప్పుడు వస్తుంది. నా కారు వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.43 మీటర్లు. యూటర్న్ తీసుకుంటే బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎంత ఎక్కువ దూరం వెళ్తుంది? అర్ధవృత్తం లెక్క: 1.43ని 3.14తో హెచ్చవేస్తే దాదాపు 4.5 మీటర్లు. తమాషా ఏంటంటే, ఇరుకు సందులో తిప్పినా, విశాలమైన మైదానంలో తిప్పినా ఈ తేడా మారదు. నా టైరు చుట్టుకొలత 1.8 మీటర్లు. అంటే ఒక్క యూటర్న్‌లో ఒక చక్రం రెండోదానికంటే రెండున్నర చుట్లు ఎక్కువ తిరగాలి. రెండిటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఆ రెండున్నర చుట్లూ టైరు రోడ్డు మీద ఈడ్చుకుపోవాలి, లేదా కడ్డీ విరగాలి.

డిఫరెన్షియల్ ఈ తేడాని ఎలా ఒప్పుకుంటుందో చెప్పడానికి కాడి కంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు. కాడిని మధ్యలో పోలుగర్రకి కడతారు, రెండు చివర్లా రెండు ఎడ్లు. ఒక ఎద్దు అడుగు ముందుకేస్తే కాడి ఆ పక్కకి తిరుగుతుంది, బండి మాత్రం ఇద్దరి నడకకీ సగటున కదులుతుంది. డిఫరెన్షియల్‌లో ఉండే స్టార్ పినియన్ అనే చిన్న గేరు సరిగ్గా ఈ కాడే. దానికి రెండు పక్కలా ఉన్న సన్ గేర్లు ఎడ్లు. కాకపోతే ఇక్కడ లాగుడు తిరగబడింది: కాడి ఎడ్లని తోస్తుంది. రెండు పక్కలా సమానమైన బలం, నడక మాత్రం ఎవరిది వారిది.

ఆ సమానత్వంలోనే చిక్కుంది. ఒక ఎద్దు బురదలో కూలబడితే రెండోది ఎంత లాగినా కాడి తిరుగుతుందే గానీ బండి కదలదు. చిన్నప్పుడు కృష్ణా డెల్టాలో వరి దమ్ము రోజుల్లో దీన్ని ట్రాక్టర్ మీద చూశాను. ఒక చక్రం దిగబడి పిచ్చిగా తిరుగుతూ బురద చిమ్ముతుంటే, రెండో చక్రం గట్టునానుకుని ఏమీ ఎరగనట్టు నిలబడి ఉండేది. గట్టు మీంచి పెదనాన్న “లాక్ తొక్కరా, లాక్!” అని అరిచేవాడు. డ్రైవరు మడమతో ఒక చిన్న పెడల్ తొక్కేవాడు, రెండు చక్రాలూ ఒక్కటై బండి బయటికొచ్చేది. తొక్కింది డిఫరెన్షియల్ లాక్ అని, అది ఏ తేడాని రద్దు చేసిందో ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు చదివినా నాకు తట్టలేదు. రాచెస్టర్ మంచులో నా మియాటా ఒక చక్రంతో ఐసు గీకుతూ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఇరుక్కున్న రోజున తట్టింది.

*

ఈ ఆలోచన ఎవరిది అంటే చాలామంది ప్రాచీన చైనా దాకా వెళ్తారు. బండి ఎటు తిరిగినా చెయ్యి దక్షిణం వైపే చూపించే బొమ్మ ఉన్న రథం ఒకటి అక్కడి గ్రంథాల్లో ఉంది. దాని లోపల డిఫరెన్షియల్ ఉండి ఉండొచ్చని ఇంగ్లండుకి చెందిన జార్జ్ లాంచెస్టర్ 1947లో ఊహించాడు. రథం మాత్రం ఒక్కటీ మిగల్లేదు, కాబట్టి అది ఊహే.

కాగితం మీద కచ్చితంగా దొరికేది పారిస్‌లో. ఒనెసిఫోర్ పెక్కర్ అనే ఫ్రెంచ్ యంత్రకారుడు 1827–28లో ఆవిరి బండికోసం డిఫరెన్షియల్ పేటెంట్ తీసుకున్నాడు. గుర్రం లాగే బండికి అక్కర్లేనిది, తనంతట తాను కదిలే బండికి మొదటి రోజు నుంచే కావాల్సొచ్చింది. కానీ రోడ్ల మీద ఆవిరి బళ్ళ రాజ్యం రాలేదు. ఆ గేరుకి పని చాలాకాలం దొరకలేదు.

అర్ధశతాబ్దం తర్వాత ఇంగ్లండులోని కొవెంట్రీలో అదే గేరు మళ్ళీ మొదటినుంచి పుట్టింది, ఈసారి సైకిల్ వాళ్ళింట్లో. జేమ్స్ స్టార్లీ కుట్టు మిషన్లు చేస్తూ చేస్తూ సైకిళ్ళలోకి వచ్చినవాడు. 1877లో ఆయన ఇద్దరు పక్కపక్కన కూర్చుని తొక్కే బండి ఒకటి చేశాడు. ఎవరి పక్క చక్రాన్ని వాళ్ళు తొక్కాలి. చెప్పుకునే కథ ఏంటంటే, ఆయన కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని షికారుకి బయల్దేరాడు. కుర్రాడి కాళ్ళలో బలం ఎక్కువ. నాన్న పక్క చక్రం వెనకబడింది, బండి పక్కకి తిరిగింది, ఇద్దరూ దురదగుంటాకు లాంటి మొక్కల పొదలో పడ్డారు. దురద తగ్గేలోపు స్టార్లీకి ఉపాయం తోచిందంటారు: ఇద్దరి తొక్కుడూ ఒకే చోటికి చేర్చాలి, అక్కణ్ణుంచి రెండు చక్రాలకీ సమానంగా పంచాలి.

కథ ఎంతవరకు నిజమైనా పేటెంట్ నిజం, బండి నిజం. 1881లో విక్టోరియా రాణి రెండు స్టార్లీ ట్రైసైకిళ్ళు తెప్పించుకుంది, ఆ మోడల్ పేరు ‘రాయల్ సాల్వో’ అయింది. స్టార్లీ అదే ఏడాది పోయాడు. 1886లో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంట్ తీసుకున్నప్పుడు అందులో డిఫరెన్షియల్ ఉంది. అంటే కారుకి స్టీరింగ్ చక్రం రాకముందే, నాలుగో చక్రం రాకముందే, డిఫరెన్షియల్ వచ్చేసింది.

నాకీ స్టార్లీ కథలో నచ్చేది ఆ సమస్య స్వభావం. కొడుకు బలంగా ఉండటం తప్పు కాదు, నాన్న అలిసిపోవటం తప్పు కాదు. వాళ్ళని ఒకే వేగంతో తొక్కమని అడగటం తప్పు. డిఫరెన్షియల్ ఎవర్నీ సరిచెయ్యదు. ఇద్దరూ వేరువేరుగా ఉన్నా బండి తిన్నగా పోయేలా చూస్తుంది.

*

మియాటాలో డిఫరెన్షియల్ బయటికి తియ్యాలంటే ముందు పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అనే పొడవాటి అల్యూమినియం చట్రాన్ని విప్పాలి. గేర్‌బాక్స్ నుంచి డిఫరెన్షియల్ దాకా వెన్నెముకలా ఉంటుంది. తర్వాత రెండు పక్కలా హాఫ్ షాఫ్టులు, ముందు పక్క ప్రొపెల్లర్ షాఫ్ట్. రాచెస్టర్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. నా కారు బోల్టుల్లో ఏదీ ఒక్కసారికి రాలేదు. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఒక్క మాట: ఆయిల్ తీసే ప్లగ్గు కంటే ముందు ఆయిల్ పోసే ప్లగ్గు విప్పి చూడండి. కిందది తీసేశాక పైది రాకపోతే, కారు ఎక్కడికీ పోలేని స్థితిలో స్టాండ్ల మీద ఉండిపోతుంది.

లోపల అసలు కథానాయకులు ఇద్దరు: పెద్ద క్రౌన్ వీల్, దాన్ని తిప్పే చిన్న టెయిల్ పినియన్. మన లారీ షెడ్లలో రెండిటినీ కలిపి ‘క్రౌన్ పినియన్’ అని ఒకే వస్తువులా అంటారు. ఆ పేరు సరైనదని నాకు తర్వాత అర్థమైంది. నా కారులో క్రౌన్‌కి 43 పళ్ళు, పినియన్‌కి 10. నిష్పత్తి 4.3. సరిగ్గా 40కి 10 పెట్టి 4 అని ఎందుకు చెయ్యలేదు? అలా చేస్తే పినియన్ మీది ప్రతి పన్నూ జీవితాంతం అవే నాలుగు క్రౌన్ పళ్ళని కలుస్తుంది. ఒక్క పన్ను మీద చిన్న గీత ఉంటే ఆ నాలుగిటినీ తినేస్తుంది. 43కీ 10కీ ఉమ్మడి భాజకం లేదు కాబట్టి క్రౌన్ పది చుట్లు తిరిగేసరికి ప్రతి పన్నూ అవతలి ప్రతి పన్నునీ ఒకసారి కలుస్తుంది. 430 జతలు, ఒక్కటీ మిగలదు. అరుగుదల అందరికీ సమానంగా పంచబడుతుంది.

లెక్క కట్టాను. మైలుకి చక్రం సుమారు 890 చుట్లు. లక్షా నలభై వేల మైళ్ళకి పన్నెండున్నర కోట్ల చుట్లు. పదితో భాగిస్తే, ప్రతి జత పళ్ళూ ఒకటింపావు కోటి సార్లు కలుసుకున్నాయి. ఫ్యాక్టరీలో ఈ రెండిటినీ జతగా నూరి, జతగా అమ్ముతారు. ఒకటి చెడితే రెండూ మార్చాలి. కొత్త పినియన్‌కి పాత క్రౌన్‌ని అంటగట్టడం కుదరదు.

*

ఈ పళ్ళని కోసే యంత్రం కథ నేను ఉంటున్న ఊరిదే అని తెలిసినప్పుడు కాస్త సిగ్గనిపించింది. రాచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎమ్మెస్ చదివిన రెండేళ్ళూ ‘కేట్ గ్లీసన్ కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్’ అనే బోర్డు ముందునుంచి నడిచాను. విరాళమిచ్చిన ఎవరో ధనికురాలనుకున్నాను.

క్రౌన్ పినియన్ శంకువు మీద పళ్ళు కోసినట్టుండే గేరు, దాన్ని బెవెల్ గేరంటారు. పన్ను ఒక చివర లావుగా, ఇంకో చివర సన్నగా ఉంటుంది. ఒకే ఆకారం ఉన్న కత్తితో కోస్తే ఒక చివర సరిపోయింది ఇంకో చివర సరిపోదు. 1874లో రాచెస్టర్‌లో విలియం గ్లీసన్ ఈ పళ్ళని సరిగ్గా చెక్కే ప్లేనర్ యంత్రం కనిపెట్టాడు. ఆయన కూతురు కేట్ 1865లో పుట్టింది. పన్నెండేళ్ళు నిండకముందే సవతి అన్న జ్వరంతో పోతే, నాన్న వర్క్‌షాప్‌లో లెక్కలు రాయడానికి తనే వెళ్ళింది. 1884లో కార్నెల్ యూనివర్సిటీలో యంత్రవిద్య కోర్సులో చేరింది, ఆ విభాగంలో మొదటి అమ్మాయి. చదువు పూర్తి కాలేదు. షాపులో మనిషి కావాల్సొచ్చి నాన్న వెనక్కి పిలిచాడు. నేను బీటెక్ చదివిన కాలేజీలో, అప్పటికి నూట పాతికేళ్ళ తర్వాత కూడా, మెకానికల్ బ్రాంచ్‌లో అమ్మాయిల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

1893లో ఆవిడ ఆ యంత్రాల్ని అమ్మడానికి ఒంటరిగా యూరప్ వెళ్ళింది. ఇంకా మోటారు కార్లు బొమ్మల్లాంటివే అయిన రోజులు. కార్లు వచ్చాక ప్రతి కారుకీ బెవెల్ గేర్లు కావాల్సొచ్చాయి, ప్రతి ఫ్యాక్టరీకీ గ్లీసన్ యంత్రం కావాల్సొచ్చింది. చాలామంది ఆ యంత్రాన్ని కేటే కనిపెట్టిందనుకునేవారు. కాదు, మా నాన్నదని ఆవిడ చెప్పేది. ఆవిడ చేసింది వేరే పని: ఆ యంత్రం ఎవరికి కావాలో వాళ్ళకి తెలియకముందే తెలుసుకోవడం. 1914లో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘంలో పూర్తి సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆవిడే.

తర్వాతి మాట్లు కూడా చాలామటుకు ఆ షాపులోనే పడ్డాయి. తిన్నని పళ్ళు ఒక్కసారిగా ఢీకొని మోత పెడుతున్నాయని, 1910లలో పళ్ళని వంపుగా కోశారు. పన్ను మెల్లగా, ఒక చివరనుంచి మొదలుపెట్టి కలుస్తుంది. మోత తగ్గింది. 1920ల మధ్యలో హైపాయిడ్ గేరు వచ్చింది. పినియన్‌ని క్రౌన్ మధ్యకి ఎదురుగా కాకుండా కిందకి దించారు. దాంతో ప్రొపెల్లర్ షాఫ్ట్ కిందకి దిగింది, కారు నేల దిగింది, కారే కిందకి దిగింది. 1926లో ప్యాకార్డ్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. నా మియాటా నేలకానుకున్నట్టు ఉండటంలో ఆ దించుడుకి వాటా ఉంది.

దానికీ ఒక బిల్లు వచ్చింది. హైపాయిడ్ పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, పొడుగునా జారతాయి కూడా. మామూలు ఆయిల్ పొర ఆ రాపిడికి చిరిగిపోతుంది. అందుకని గంధకం, ఫాస్ఫరస్ కలిపిన ప్రత్యేకమైన ఆయిల్ పుట్టింది. పాత డిఫరెన్షియల్ విప్పినవాళ్ళకి ఆ కుళ్ళు వాసన తెలుసు, వారం దాకా చేతుల్ని వదలదు. నేను ఏడాది పాటు వాయిదా వేసిన చుక్కలు అవే. హైపాయిడ్ గేరుకి ఆ ఆయిల్ లేకపోవడం అంటే 1926 పరిష్కారాన్ని సగమే వాడుకోవడం.

*

నేను ముందు అనుకున్నది బాగుచెయ్యడమే, మార్చడం కాదు. కారుతో పుట్టింది కారులోనే ఉండాలని ఒక పట్టుదల. పళ్ళు పైకి బాగానే కనిపించాయి. చెడింది పినియన్ బేరింగ్ అని తేలింది, రోలర్ల మీద చిన్న చిన్న గుంటలు. కొత్త బేరింగులు, కొత్త సీల్ తెప్పించాను.

ఈ పనిలో కొలవాల్సినవి నాలుగు. పినియన్ ఎంత లోతుకి కూర్చోవాలి అన్నది పల్చటి షిమ్ములతో సర్దాలి. పినియన్ బేరింగ్ ఎంత బిగువుగా ఉండాలి. క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య ఎంత ఆట ఉండాలి. ఆ ఆటే బ్యాక్‌లాష్, సుమారు 0.1 మిల్లీమీటరు, ఒక వెంట్రుక మందం. చివరిగా, పళ్ళకి పసుపు రంగు పేస్టు పూసి తిప్పి, రంగు పన్ను మధ్యలో చెరుగుతోందా, అంచులో చెరుగుతోందా చూడాలి.

రెండోది నన్ను ఓడించింది. బేరింగుల మధ్య ఒక మెత్తటి స్టీలు గొట్టం ఉంటుంది. నట్టు బిగిస్తుంటే అది నలుగుతూ, సరైన బిగువు దగ్గర ఆగాలి. ఆపాల్సింది మనమే. ఒకసారి నలిగితే మళ్ళీ సాగదు. వదులుగా ఉంది, వదులుగా ఉంది, ఇంకొంచెం అనుకుంటూ తిప్పాను. ఆ ‘ఇంకొంచెం’లో సరిహద్దు దాటిపోయింది. అన్‌డూ లేదు. అంతా విప్పి, కొత్త గొట్టం తెప్పించుకుని, వారం తర్వాత మళ్ళీ మొదలు. రెండోసారి మునివేళ్ళతో బిగించినంత నెమ్మదిగా బిగించాను. కొలతలన్నీ సరిపోయాయి.

కారెక్కించి బయల్దేరాను. నలభై అయిదుకే రాగం మొదలైంది. ఈసారి దోమ కాదు, తుమ్మెద.

మా వీధిలో గేర్ల పనిలో జీవితమంతా గడిపి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. కారెక్కి ఒక రౌండు కొట్టి, దిగాక నవ్వారు. “నువ్వు బేరింగ్ మార్చానని అనుకుంటున్నావు. వాళ్ళ ఇల్లు మార్చావు” అన్నారు. పాత బేరింగ్ అరిగినకొద్దీ పినియన్ తన చోటునుంచి రవ్వంత జరిగింది. జరిగిన చోటే క్రౌన్‌తో కలిసి అరిగి, అక్కడే ఒద్దికకి వచ్చింది. నేను పుస్తకంలో ఉన్న కొలతకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. కొలత సరైనదే. కానీ ఒకటింపావు కోటి సార్లు ఒకలా కలిసిన పళ్ళు ఇప్పుడు వెంట్రుకలో మూడోవంతు పక్కకి కలుస్తున్నాయి. కొత్త కారుకి సరైన కొలత, ముప్ఫై ఏళ్ళ జతకి సరికాదు.

కొత్త క్రౌన్ పినియన్ జత కొనొచ్చు. ఆ డబ్బుతో ఇంకో పని కూడా చెయ్యొచ్చని ఆయనే చెప్పారు.

*

పెక్కర్ దగ్గరనుంచి వస్తున్న ఆ మొదటి చిక్కు ఇంకా అలాగే ఉంది. కూలబడ్డ ఎద్దు. రేసు కార్లకి అది బురదలో కాదు, మలుపులో వచ్చింది. వేగంగా తిరిగేటప్పుడు లోపలి చక్రం మీద బరువు తేలిపోతుంది, పవరంతా అక్కడే వృథా అవుతుంది. 1930లలో ఫెర్డినాండ్ పోర్షే డిజైన్ చేసిన ఆటో యూనియన్ గ్రాండ్ ప్రి కార్ల కోసం జర్మనీలో జెడ్‌ఎఫ్ కంపెనీ తనంతట తాను బిగుసుకునే డిఫరెన్షియల్ చేసింది. 1956లో ప్యాకార్డ్ అమెరికాలో మామూలు కార్లకి అలాంటిది తెచ్చింది. వీటిల్లో చాలావాటిలో క్లచ్ ప్లేట్లుంటాయి. అరుగుతాయి, మార్చాలి.

1958లో వెర్నన్ గ్లీస్‌మన్ అనే ఆయనకి వేరే దారిలో పేటెంట్ వచ్చింది. పేరు గ్లీసన్‌కి దగ్గరగా ఉంది గానీ మనిషి వేరు. క్లచ్‌లు లేవు, అన్నీ గేర్లే. పురి గేర్లకి ఒక గుణం ఉంది: పురి తిరిగితే చక్రం సులువుగా తిరుగుతుంది, చక్రాన్ని తిప్పి పురిని తిప్పాలంటే రాపిడి అడ్డొస్తుంది. రెండు శతాబ్దాలుగా గేర్ల వాళ్ళు శత్రువుగా చూసిన రాపిడిని ఆయన పనిలో పెట్టుకున్నాడు. మలుపులో మెల్లగా వచ్చే తేడాని ఆ గేర్లు సాగనిస్తాయి. ఒక చక్రం జారబోతే బిగుసుకుని, నిలదొక్కుకున్న చక్రానికి రెండు మూడు రెట్లు బలం పంపిస్తాయి. 1982లో ఆ హక్కుల్ని కొన్నది రాచెస్టర్ గ్లీసన్ కంపెనీయే. టోర్సెన్ అన్న పేరుతో ఆడి క్వాట్రోలోకి, అమెరికన్ సైన్యపు హంవీలోకి వెళ్ళింది. 1994లో మియాటాకి 1.8 లీటర్ల ఇంజను వచ్చినప్పుడు, ఇంతకుముందుకంటే పెద్ద క్రౌన్‌తో పాటు, అదనపు డబ్బిచ్చినవాళ్ళకి టోర్సెన్ కూడా ఇచ్చారు.

అలా నేను పాత కార్ల యార్డులో 1994 మియాటా డిఫరెన్షియల్ ఒకటి పట్టుకున్నాను. డిఫరెన్షియల్ ఒక్కటే సరిపోదు. దాని హాఫ్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా కావాలి, పాతవి కుదరవు. దాన్ని నేను విప్పలేదు. ఆ జత ఎక్కడ ఒద్దికగా ఉందో అక్కడే ఉండనిచ్చాను. సీళ్ళు మార్చి, ఆయిల్ నింపి, ఎక్కించాను.

చప్పుడు పోయింది. డిసెంబరులో మొదటి మంచుకి అదే పార్కింగ్‌లో పరీక్షించాను. ఒక చక్రం ఐసు మీద, ఒకటి ఉప్పు చల్లిన తారు మీద. కారు గొణుక్కుంటూ బయటికొచ్చింది. ఇంకో రోజు ఒక చక్రం గుంట మీద పూర్తిగా గాల్లో ఉండిపోయింది. ఈసారి రాలేదు. గాల్లో ఉన్న చక్రానికి అందే బలం సున్నా, సున్నాకి మూడు రెట్లు కూడా సున్నాయే. హ్యాండ్‌బ్రేక్ కొద్దిగా లాగితే, ఆ చక్రానికి అబద్ధపు బరువు తగిలి, కారు కదిలింది. టోర్సెన్‌కి నేను వేసిన మాటు అది. పెదనాన్న చూస్తే లాక్ తొక్కమనేవాడు. కారులో ఆ పెడల్ లేదు.

కొత్త డిఫరెన్షియల్ నిష్పత్తి 4.1. 41 పళ్ళు, 10 పళ్ళు. వాటికీ ఉమ్మడి భాజకం లేదు. కానీ స్పీడోమీటర్‌కి లెక్క వచ్చేది గేర్‌బాక్స్ నుంచి. వెనకాల మారిన సంగతి దానికి తెలీదు. మీటరు అరవై చూపిస్తున్నప్పుడు కారు అరవై మూడులో ఉంటుంది. గేర్‌బాక్స్‌లో ఒక చిన్న ప్లాస్టిక్ గేరు మారిస్తే సరిపోతుంది. కొని రెండు నెలలైంది, డ్రాయర్లో ఉంది. వచ్చే వీకెండ్ చూడాలి.